గాలికీ ఓ అడ్రస్ ఉంటుంది

ఫోన్‌లో వెదర్ యాప్ తెరవండి. ఎండ ఎంత, వాన పడుతుందా లేదా అన్నవాటి కింద చిన్నగా ‘ఏక్యూఐ’ అని ఓ అంకె కనిపిస్తుంది. పచ్చరంగులో ఉంటే పట్టించుకోం. ఎర్రగా ఉంటే స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్‌లో పెడతాం. తర్వాత మామూలే, పైకి స్వైప్.

నాకు నచ్చనిది ఇదే. ఆ అంకెను వానా ఎండల పక్కన పెట్టేసరికి దాన్ని కూడా వాతావరణంలాగే చూడటం అలవాటైపోయింది మనకి. వాన మన చేతుల్లో లేదు. గొడుగు పట్టుకోవడమే మన పని. ఏక్యూఐ అలా కాదు. అది ఆకాశంలోంచి ఊడిపడదు. ఎవరో ఒకరు, ఎక్కడో ఒకచోట ఏదో కాలిస్తేనో, తవ్వితేనో, నడిపితేనో పుడుతుంది. అంటే దానికో అడ్రస్ ఉంది. అడ్రస్ ఉన్నదాన్ని వెతికి పట్టుకోవచ్చు.

నేను చదివింది సివిల్, చేసేది సాఫ్ట్‌వేర్. మన దగ్గర ఇదేం కొత్త కథ కాదు. బీటెక్‌లో ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్ అని ఓ పేపర్ ఉండేది. అందులో వాయు కాలుష్యం యూనిట్‌కి మూడే హెడ్డింగులు: కారణాలు, ప్రభావాలు, నియంత్రణ పద్ధతులు. పరీక్ష ముందు రాత్రి చదవడం, పొద్దున రాసేయడం, మధ్యాహ్నానికి మర్చిపోవడం. మళ్లీ ఆ యూనిట్ గుర్తొచ్చేలా చేసింది మాత్రం మా అక్క.

అక్క వాళ్లు హైదరాబాద్‌లోనే, నిజాంపేటలో ఉంటారు. వాళ్ల బాబుకి ఆరేళ్లు. రెండేళ్లుగా చలికాలం వచ్చిందంటే చాలు, పిల్లి కూతలు. ఇంట్లో నెబ్యులైజర్ కూడా టీవీ రిమోట్‌లా ఎప్పుడూ చేతికందేలా ఉండాల్సిందే. మొన్న నవంబర్‌లో ఫోన్ చేసింది. “ఒరేయ్, ఎయిర్ ప్యూరిఫయర్ కొందామనుకుంటున్నాం. ఏది మంచిదో చూసి చెప్పు. నువ్వు ఇంజినీర్‌వే కదా!” అంది. కంపెనీ పేరు చెప్పడం ఐదు నిమిషాల పని. కానీ వాడి ఊపిరికి అడ్డుపడుతున్నది ఏంటో తెలియకుండా మెషీన్ పేరు చెప్పడం నాకు నచ్చలేదు. అందుకే ఆ మూడు హెడ్డింగులూ మళ్లీ మొదటినుంచీ చూశాను.

ఆ అంకె లోపల ఏముంది?

మన దేశంలో ఏక్యూఐ 2015 నుంచి వాడుకలో ఉంది. పీఎం 10, పీఎం 2.5, నైట్రోజన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్, అమోనియా, సీసం... ఈ ఎనిమిదింటికీ 0 నుంచి 500 దాకా విడివిడిగా మార్కులు వేస్తారు. ఆ మార్కులను కూడరు, సగటు తీయరు. ఏది అన్నింటికంటే ఎక్కువుందో అదే ఆ రోజు ఏక్యూఐ. ఎనిమిది సబ్జెక్టుల్లో మరీ అధ్వానంగా ఉన్న ఒక్కదాన్నే ప్రోగ్రెస్ కార్డు మీద వేసినట్టన్నమాట. మన ఊళ్లలో చాలా రోజులు ఆ సబ్జెక్టు పీఎం 10 గానీ, పీఎం 2.5 గానీ అవుతుంది.

ఇంకో సంగతి. ధూళికి వేసే మార్కులు గడిచిన 24 గంటల సగటు మీద వేస్తారు. పొద్దున తొమ్మిదింటికి సిగ్నల్ దగ్గర బస్సు వెనకాల మీరు పీల్చిన గాలి ఆ సగటులో కలిసిపోతుంది. పైగా మానిటరింగ్ స్టేషన్ మీ వీధిలో ఉండదు. హైదరాబాద్‌లో సనత్‌నగర్, జూపార్క్, బొల్లారం, సెంట్రల్ యూనివర్సిటీ లాంటి కొన్ని చోట్లే ఉన్నాయి. యూనివర్సిటీ చెట్ల మధ్య గాలీ, మీరు రోజూ ఆగే జంక్షన్‌లో గాలీ ఒకటి కాదు.

మూడోది స్కేలు గొడవ. రెండు యాప్‌లలో రెండు అంకెలు చూసి “ఇదంతా ఫేక్” అనేవాళ్లున్నారు. ఫేక్ కాదు. ఘనపు మీటరు గాలిలో 60 మైక్రోగ్రాముల పీఎం 2.5 ఉందనుకోండి. మన స్కేలు మీద అది 100. పేరు ‘సంతృప్తికరం’. అదే గాలికి అమెరికా స్కేలు 150 దాటించి ‘అనారోగ్యకరం’ అంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం ఒక రోజు సగటు 15 మైక్రోగ్రాములు దాటకూడదు. అంటే మనం ‘సంతృప్తి’ పడుతున్న చోట ఆ హద్దుకు నాలుగు రెట్లు ఉన్నట్టు. ఏడాది సగటుకి మన ప్రమాణం 40, డబ్ల్యూహెచ్‌వోది 5. కాబట్టి యాప్‌లో రంగు ఒక్కటే చూడకండి. నొక్కితే లోపల పీఎం 2.5 ఎన్ని మైక్రోగ్రాములో ఉంటుంది. అసలు సమాచారం అది.

ముక్కు ఆపలేనిది

పీఎం 2.5 అంటే 2.5 మైక్రాన్లు, లేదా అంతకన్నా చిన్న కణాలు. మన వెంట్రుక మందంలో పాతికో వంతు. పీఎం 10లోని పెద్ద కణాలు చాలావరకు ముక్కులో, గొంతులో చిక్కుకుంటాయి. తుమ్ముతోనో, కళ్లెతోనో బయటికొచ్చేస్తాయి. సన్నవాటికి ఆ చెక్‌పోస్టులు లెక్కలేదు. నేరుగా ఊపిరితిత్తుల చివర ఉండే గాలి గదుల దాకా వెళ్తాయి. అందులోనూ మరీ సన్నవి రక్తంలోకి దాటతాయి. అందుకే గాలి కాలుష్యం అంటే దగ్గూ, ఆయాసం మాత్రమే కాదు. గుండెపోటు, పక్షవాతం, ఊపిరితిత్తుల క్యాన్సర్ కూడా ఈ లిస్టులో ఉన్నాయి. బయటి గాలి కాలుష్యాన్ని 2013లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి గ్రూపు క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. సిగరెట్ పొగ ఉన్నదీ ఆ గ్రూపులోనే. రెండూ అంతే ప్రమాదమని కాదు దీనర్థం. క్యాన్సర్ తెస్తుందనడానికి ఆధారాలు రెండింటికీ అంత గట్టిగా ఉన్నాయని.

2019లో మన దేశంలో సుమారు 16.7 లక్షల మరణాలకు గాలి కాలుష్యం కారణమని లాన్సెట్ ప్లానెటరీ హెల్త్‌లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. బయటి గాలితో పాటు వంటింటి పొగ కూడా కలిపిన లెక్క ఇది. ఆ ఏడాది దేశంలో జరిగిన మొత్తం మరణాల్లో దాదాపు 18 శాతం.

ఇన్ని లక్షల్లో ఒక్కరి డెత్ సర్టిఫికెట్ మీదైనా ‘గాలి’ అని రాసి ఉంటుందా? గుండెపోటు అనో, ఆయాసం అనో రాస్తారు. ఇందుకు భిన్నమైన కథ ఒకటి లండన్‌లో జరిగింది. ఎల్లా కిస్సీ డెబ్రా అనే తొమ్మిదేళ్ల పాప 2013లో తీవ్రమైన ఆస్తమాతో చనిపోయింది. వాళ్ల ఇల్లు బాగా రద్దీగా ఉండే సౌత్ సర్క్యులర్ రోడ్డు పక్కన. వాళ్లమ్మ ఏళ్ల తరబడి పోరాడితే 2020 డిసెంబర్‌లో రెండోసారి విచారణ జరిగింది. మరణ కారణాల్లో వాయు కాలుష్యాన్ని కూడా చేర్చారు. బ్రిటన్‌లో అలా నమోదైన మొదటి కేసు అది. ఆ తల్లి చేసిన పని ఒక్కటే: తన కూతురు పీల్చిన గాలి ఎక్కడిదో చెప్పమని అడగడం.

పొగ ఎక్కడ పుడుతోంది?

హైదరాబాద్‌లో ఎవర్నడిగినా ‘ట్రాఫిక్’ అనే చెబుతారు. నిజమే, కానీ పూర్తి నిజం కాదు. బండ్ల పొగ ఉంది. బండ్లు లేపే రోడ్డు దుమ్ము ఉంది. కోకాపేట, నార్సింగి వైపు వెళ్తే కట్టడాల దుమ్ము, టార్పాలిన్ కప్పకుండా పోయే మట్టి లారీలు ఉంటాయి. పటాన్‌చెరు, బొల్లారం వైపు ఫ్యాక్టరీలు. కరెంటు పోయిన ప్రతిసారీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో డుగుడుగుమనే డీజిల్ జనరేటర్. ఖాళీ ప్లాటులో ఎవరో అంటించిన చెత్త. హోటళ్ల తందూరీ బొగ్గు.

వీటిలో ఎవరి వాటా ఎంతో ఎలా తేలుస్తారు? సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, లాగ్ ఫైల్ చూసి బగ్ ఎక్కడుందో పట్టుకున్నట్టే. గాలిలోని ధూళిని ఫిల్టర్ కాగితం మీద పట్టి ల్యాబ్‌లో పరీక్షిస్తారు. సిలికాన్, అల్యూమినియం ఎక్కువుంటే మట్టి దుమ్ము. లెవోగ్లూకోసాన్ అనే పదార్థం కనిపిస్తే కట్టెలూ ఆకులూ కాలినట్టు. నల్లటి కార్బన్ మరీ ఎక్కువుంటే డీజిల్ మీద అనుమానం. వెనేడియం, నికెల్ కలిసి కనిపిస్తే చమురు, ముఖ్యంగా ఓడల్లో వాడే చిక్కటి ఇంధనం. దొంగ వేలిముద్రలు వదిలినట్టు ప్రతి పొగా తన గుర్తు వదిలి వెళ్తుంది.

ఇంకో రకం పొగ ఉంది, దాన్ని పట్టుకోవడం కష్టం. థర్మల్ ప్లాంట్ చిమ్నీలోంచి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ వాయువే, ధూళి కాదు. కానీ గాలిలో ప్రయాణిస్తూ అది సల్ఫేట్ కణంగా మారి పీఎం 2.5లో కలుస్తుంది. వందల కిలోమీటర్ల అవతల పుట్టిన వాయువు మన వీధిలో ధూళిగా దిగొచ్చు. అలాగే ఓజోన్‌ని ఏ సైలెన్సరూ వదలదు. నైట్రోజన్ ఆక్సైడ్లూ, పెట్రోల్ ఆవిర్లలాంటివీ ఎండలో కలిసి వండితే తయారవుతుంది.

ఇల్లు కూడా ఈ లిస్టులో ఉంది. ఆన్‌లైన్‌లో దొరికే చిన్న లేజర్ సెన్సర్ ఒకటి తెచ్చి, మైక్రోకంట్రోలర్ బోర్డుకు తగిలించి కొన్నాళ్లు నాతో తిప్పాను. పొగమంచులో నీటి తుంపరల్ని కూడా ధూళి అనుకునే రకం అది. కాబట్టి దాని అంకెల్ని నేను ప్రమాణంగా తీసుకోను. ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ అన్న తేడా మాత్రం తెలుస్తుంది. సిగ్నల్ దగ్గర పెరిగింది, బొటానికల్ గార్డెన్ లోపల తగ్గింది. అక్కడిదాకా అనుకున్నదే. అక్క వాళ్లింట్లో తలుపులు మూసి దోమల కాయిల్ వెలిగిస్తే మాత్రం అంకె సిగ్నల్‌ని దాటి పరిగెత్తింది. తర్వాత వెతికితే 2003 నాటి అధ్యయనం ఒకటి దొరికింది. ఒక కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే పీఎం 2.5, 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినదాంతో సమానమట. పొమ్మనలేక పొగబెట్టడం దోమలకి. పొగ తాగేది మాత్రం పిల్లాడు.

చలికాలం మూత

ఏడాదంతా అవే బండ్లు, అవే ఫ్యాక్టరీలు. మరి బాబుకి నవంబర్ నుంచే ఎందుకు మొదలవుతుంది? సమాధానం గాలి ఎత్తులో ఉంది.

ఎండాకాలం మధ్యాహ్నం నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది. పొగ ఒకటిన్నర, రెండు కిలోమీటర్ల ఎత్తు దాకా కలిసిపోయి పలచబడుతుంది. చలికాలం రాత్రి నేల తొందరగా చల్లబడుతుంది. కింద చల్లగాలి, పైన వెచ్చటి గాలి. కుక్కర్ మీద మూత బిగించినట్టే. పొగ లేవదు. కలిసే ఎత్తు 1,500 మీటర్ల నుంచి 300 మీటర్లకు పడిపోయిందనుకుందాం. ఒక్క బండి కూడా పెరగకపోయినా గాలిలో ధూళి ఐదు రెట్లవుతుంది. పెద్ద బకెట్‌లో కలిపిన ఉప్పును చెంబులో కలిపినట్టు. తెల్లవారుజామున ఆ మూత మరీ గట్టిగా ఉంటుంది. సరిగ్గా అదే టైముకి మనం భోగి మంటలు వేస్తాం. పాత కట్టెలూ పిడకల దాకా సరే. టైర్లూ, ప్లాస్టిక్ కుర్చీలూ కూడా అందులో పడేస్తే ఆ పొగ మూత కిందే, మన ఇళ్ల మధ్యే కూర్చుంటుంది.

మూత సంగతి అలా ఉంటే, కొన్ని ఊళ్లకు గోడలు కూడా ఉంటాయి. విశాఖ చూడండి. సముద్రం పక్కనుంటే గాలి బాగుంటుందనుకుంటాం. కానీ నగరం నడిబొడ్డు గిన్నెలా ఉంటుంది. ఒకవైపు కైలాసగిరి కొండలు, ఇంకోవైపు యారాడ కొండలు. బొగ్గు, ఇనుప ఖనిజం దింపే రేవు, ఆయిల్ రిఫైనరీ ఆ గిన్నెలోనే ఉన్నాయి. రేవు మొదలైంది 1933లో, రిఫైనరీ 1957లో. అప్పట్లో అది చిన్న ఊరు. తర్వాత ఊరు వాటి చుట్టూ పెరిగింది. అందుకే అక్కడ బొగ్గు కుప్పల మీద నీళ్లు చల్లడం, టార్పాలిన్లు కప్పడం, కన్వేయర్లకు పైకప్పు వేయడం అనేవి అలంకారాలు కావు, అవసరాలు.

పుట్టినచోటే పట్టుకుంటే...

ఇక మూడో హెడ్డింగ్: నియంత్రణ. టెక్స్ట్‌బుక్‌లో ఇది బోరింగ్‌గా ఉంటుంది కానీ అసలు మజా ఇక్కడే ఉంది.

పొగలోంచి ధూళిని విడదీయడానికి ఇంజినీర్ల దగ్గర నాలుగు ముఖ్యమైన పరికరాలున్నాయి. మొదటిది సైక్లోన్. పొగను గరాటులాంటి డ్రమ్ములో గిర్రున తిప్పితే బరువైన కణాలు గోడకు కొట్టుకుని కింద పడతాయి. పెద్ద కణాలకు పనికొస్తుంది, సన్నవాటికి చాలదు. రెండోది బ్యాగ్ ఫిల్టర్. వందల గుడ్డ సంచుల గుండా పొగను పంపిస్తారు. మూడోది ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్. కణాలకు కరెంటు చార్జి ఎక్కించి ఎదురు చార్జి ఉన్న ప్లేట్లకు అంటుకునేలా చేస్తారు. దువ్వెనను తలకు రుద్ది కాగితం ముక్కల్ని లాగడం చిన్నప్పుడు మనం ఆడిందే. బ్యాగ్ ఫిల్టర్, ప్రెసిపిటేటర్ సరిగ్గా నడిస్తే 99 శాతానికి పైగా ధూళిని పడతాయి. నాలుగోది స్క్రబ్బర్. ద్రవం చల్లి పొగను కడుగుతారు. వాయువుల్ని పట్టడానికీ ఇది పనికొస్తుంది.

మన బొగ్గులో బూడిద మామూలుగా 30 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. రామగుండం, కొత్తగూడెం, ఇబ్రహీంపట్నం, పరవాడ లాంటి చోట్ల థర్మల్ కేంద్రాలకు ప్రెసిపిటేటర్లు లేకపోతే ఏమయ్యేదో ఊహించండి. అలా పట్టిన బూడిదే సిమెంటులోకి, ఇటుకల్లోకి వెళ్తోంది. మీరుంటున్న ఫ్లాట్ గోడలో కూడా అది ఉండే అవకాశం ఉంది. గాలిలోకి వెళ్తే జబ్బు, పట్టుకుంటే ఇటుక!

బండ్లలో కూడా ఇదే సూత్రం. 2020 ఏప్రిల్ 1న దేశమంతా బీఎస్-4 నుంచి నేరుగా బీఎస్-6కి దూకింది. ఇంధనంలో సల్ఫర్ పది లక్షల భాగాల్లో 50 నుంచి 10కి తగ్గింది. డీజిల్ కారు కిలోమీటరుకు వదలగలిగే ధూళి పరిమితి 25 మిల్లీగ్రాముల నుంచి 4.5కి దిగింది. కొత్త డీజిల్ కారు సైలెన్సర్‌లో వేలు పెడితే మునుపటిలా మసి అంటకపోవడానికి కారణం లోపలున్న ఫిల్టర్.

అన్నింటికన్నా మంచి ఉదాహరణ సీసం. ఒకప్పుడు ఇంజిన్ కొట్టుకోకుండా పెట్రోల్‌లో సీసం కలిపేవాళ్లు. అది పొగలో వచ్చి పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీసేది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. ఈ పని కోసం ఎవరూ మాస్కులు పంచలేదు, ప్యూరిఫయర్లు కొనలేదు. పెట్రోల్‌లో కలపడం మానేశారు, అంతే. నాకన్నా చిన్నవాళ్లకు ఈ సమస్య ఒకటి ఉండేదని కూడా తెలియదు. కాలుష్యం పుట్టినచోటే ఆపితే ఇలా ఉంటుంది. అసలు కథ ఉన్నట్టే ఎవరికీ గుర్తుండదు.

గాలికొదిలేసిన లెక్కలు

దీనికి ఉల్టా ఉదాహరణ ఢిల్లీలో ఉంది. సుప్రీంకోర్టు ఆదేశాల తర్వాత 2021లో కన్నాట్ ప్లేస్ దగ్గర 24 మీటర్ల ఎత్తున స్మాగ్ టవర్ కట్టారు. 40 ఫ్యాన్లు. సెకనుకు 1,000 ఘనపు మీటర్ల గాలిని శుభ్రం చేస్తుందన్నారు. వినడానికి బాగుంది. కాల్‌క్యులేటర్ తీద్దాం. ఢిల్లీ విస్తీర్ణం 1,484 చదరపు కిలోమీటర్లు. పొగ 500 మీటర్ల ఎత్తు దాకా ఉందనుకుంటే మొత్తం 742 ఘనపు కిలోమీటర్ల గాలి. ఒక ఘనపు కిలోమీటరుకే ఆ టవర్‌కి పదకొండున్నర రోజులు పడుతుంది. మొత్తానికి 23 ఏళ్లు దాటుతుంది. ఈలోపు గాలి ఒక్కరోజు కూడా ఒకచోట నిలబడదు. బాత్రూమ్‌లో కుళాయి తిప్పి వదిలేసి, హాల్లో నీళ్లు చెంచాతో తోడినట్టు.

రెండో ఉదాహరణ కాస్త సీరియస్. థర్మల్ ప్లాంట్ల నుంచి సల్ఫర్ డయాక్సైడ్ తగ్గించాలని 2015 డిసెంబర్‌లో కేంద్ర పర్యావరణ శాఖ ప్రమాణాలు తెచ్చింది. దానికి వాడే టెక్నాలజీ పేరు ఎఫ్‌జీడీ. సున్నపురాయి కలిపిన నీళ్లతో పొగను కడిగితే సల్ఫర్ కాస్తా జిప్సమ్‌గా మారుతుంది. గడువులు పెంచుకుంటూ పోయారు. చివరికి 2025 జులైలో కొత్త నోటిఫికేషన్‌తో దేశంలోని ఎక్కువ ప్లాంట్లకు ఆ ప్రమాణాల నుంచి మినహాయింపు ఇచ్చారు. షరతు ఏంటంటే, చిమ్నీ తగినంత ఎత్తుండాలి. మన బొగ్గులో సల్ఫర్ తక్కువనీ, గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ పరిమితుల్లోనే ఉందనీ, ఖర్చు ఎక్కువనీ ప్రభుత్వం వైపు వాదన. వాయువుగా తక్కువ కనిపించేది సల్ఫేట్‌గా మారి పీఎం 2.5లో చేరుతుంది కదా, దాని లెక్కేదీ అన్నది అవతలి వాదన. ఇంజినీరింగ్ పుస్తకం ప్రకారం పొడవాటి చిమ్నీ పొగను తగ్గించదు. దూరంగా పంచుతుంది. మన తెలుగులో దీనికి సరైన మాటే ఉంది: గాలికొదిలేయడం.

మూడోది మన ఊళ్లకు నేరుగా సంబంధించింది. 2019 జనవరిలో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో సుమారు 130 నగరాలున్నాయి. తెలంగాణ నుంచి హైదరాబాద్, పటాన్‌చెరు, నల్గొండ, ఆంధ్ర నుంచి విశాఖ, విజయవాడ, గుంటూరు, నెల్లూరు, కర్నూలు... ఇలా చాలా ఉన్నాయి. సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2024లో ఖర్చుల్ని విశ్లేషిస్తే 64 శాతం రోడ్ల దుమ్ము తగ్గించడానికే వెళ్లిందని తేలింది. పరిశ్రమల పొగ మీద పెట్టింది ఒక శాతం కూడా లేదు. ఎందుకంటే నగరాల పనితీరును కొలిచేది ప్రధానంగా పీఎం 10తో. దుమ్ము ఊడిస్తే పీఎం 10 తగ్గుతుంది, మార్కులొస్తాయి. ప్రాణం తీసే సన్న కణాలు మాత్రం ఎక్కువగా కాల్చిన చోటే పుడతాయి. ఆఫీసులో కూడా చూస్తుంటాం కదా, ఏ మెట్రిక్ పెడితే టీమ్ దాని కోసమే పనిచేస్తుంది. అసలు బగ్ అలాగే ఉంటుంది.

అక్కకి ఏం చెప్పానంటే...

ముందు కాయిల్ మానేయమన్నాను. కిటికీలకు దోమల మెష్ కొట్టించారు. సాంబ్రాణి, అగరబత్తి బాబు గదికి దూరంగా. చలికాలంలో కిటికీలు తెల్లవారుజామున కాకుండా, మూత విడిపోయే మధ్యాహ్నం వేళ తెరవమన్నాను. బావగారి మార్నింగ్ వాక్ కూడా ఆ రోజుల్లో కాస్త ఎండెక్కాకే.

ప్యూరిఫయర్ వద్దనలేదు. హెపా ఫిల్టర్ ఉన్నది, గది సైజుకి సరిపడేది అయితే బాబు పడుకునే గదిలో నిజంగానే ఉపయోగం. హెపా అంటే 0.3 మైక్రాన్ల కణాల్ని కూడా 99.97 శాతం ఆపాలి. పేరు చివర ‘టైప్’ అని తోకలుంటే నమ్మక్కర్లేదు. ట్రాఫిక్‌లో వెళ్లేటప్పుడు కర్చీఫ్ దుమ్మును ఆపుతుందేమో గానీ సన్న కణాల్ని ఆపదు. ముఖానికి బిగుతుగా పట్టే ఎన్95 ఆపుతుంది. అది కూడా వాయువుల్ని ఆపలేదు. ఇవన్నీ చెప్పి చివర్లో డాక్టర్ ఇచ్చిన ఇన్‌హేలర్ మాత్రం ఏ కారణానికీ మానొద్దన్నాను. అది నా సబ్జెక్టు కాదు, డాక్టర్ సబ్జెక్టు.

“అంటే ప్యూరిఫయర్ పెడితే తగ్గుతుందా?” అని అడిగింది. “రాత్రి ఎనిమిది గంటలు, ఆ ఒక్క గదిలో గాలి బాగుంటుంది అక్కా” అన్నాను. స్కూల్ బస్సులో, క్లాసులో, గ్రౌండ్‌లో వాడు పీల్చేది అందరి గాలే. పనివాళ్ల పిల్లలకు ఆ ఎనిమిది గంటలు కూడా దొరకవు. మెషీన్ కొనగలిగిన వాళ్లకి సమస్య సగం మర్చిపోయే వీలుంటుంది. అదే నాకు భయం.

అందుకే ఫోన్ పెట్టేసే ముందు ఇంకో నాలుగు పనులు కూడా చెప్పాను. ఇవి డబ్బుతో కాదు, నోటితో అయ్యేవి. అపార్ట్‌మెంట్‌లో రాలిన ఆకులు తగలబెడుతున్నారా? వాచ్‌మన్ మీద అరవకుండా అసోసియేషన్ మీటింగ్‌లో ఎరువు గుంత అడగండి. సెల్లార్ జనరేటర్ పొగ గొట్టం ఎవరి కిటికీ కింద తెరుచుకుంటోందో చూడండి. పక్క సైట్‌లో గ్రీన్ నెట్ లేకపోయినా, చెత్త తగలబెడుతున్నా ఫొటో తీసి మున్సిపాలిటీ యాప్‌లో పెట్టండి. ఒకరు పెడితే ఫిర్యాదు, ఇరవై మంది పెడితే పని. స్కూల్ గేటు ముందు ఇంజిన్ ఆపకుండా నిలబెట్టే బస్సుల గురించి పేరెంట్స్ గ్రూపులో ఒక్క మెసేజ్ చాలు.

ఆకుల సంగతి మా అపార్ట్‌మెంట్‌లో తేలడానికి మూడు మీటింగులు పట్టింది. ఇప్పుడు పార్కింగ్ వెనకాల రెండు గుంతలున్నాయి. ఒకటి నిండేలోపు రెండోది ఎరువు అవుతోంది. ఊరి ఏక్యూఐలో దానివల్ల ఒక్క పాయింట్ కూడా తగ్గి ఉండదు, నాకు తెలుసు. కానీ రోజూ పొద్దున ఆరింటికి మొదటి అంతస్తు కిటికీల్లోకి వెళ్లే ఒక పొగ అడ్రస్ మాత్రం లేకుండా పోయింది. తర్వాతి మీటింగ్ ఎజెండాలో జనరేటర్ ఉంది.